ఉతికినా వాసన వదలని కుక్క బెల్టు గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. గుంటూరు అరండల్‌పేటలో ఉంటున్నారు, ఇంట్లో రెండేళ్ళ లాబ్రడార్. దానికి ఒక నైలాన్ బెల్టు, ఒక తోలు బెల్టు, పట్టుకుని నడిపించడానికి ఒక లీష్. నైలాన్‌ది వారం వారం సర్ఫులో నానబెట్టి ఉతుకుతున్నా రెండు రోజులకే మళ్ళీ కంపు. తోలుది కూడా అలాగే ఉతికి డాబా మీద ఎండలో వేస్తే అట్టలా బిగుసుకుపోయింది, ఇత్తడి రింగు చుట్టూ పచ్చగా చిలుము పట్టింది. మెడ కింద జుట్టు కొంచెం పలచబడింది. డెట్టాల్ వేసి నానబెడితే పోతుందా అని చివర్లో అడిగారు.

డెట్టాల్ వద్దు. ఎందుకో కింద రాస్తాను. ముందు వాసన సంగతి చూద్దాం.

నేను విజయవాడ గుణదల వైపు కుక్కల బోర్డింగ్ నడుపుతాను. సంక్రాంతికో పెళ్ళికో ఊరెళ్ళేవాళ్ళు వాటిని మా దగ్గర వదిలి వెళ్తారు. లోపలికి రాగానే మేం చేసే మొదటి పని బెల్టు తీసి, పేరు రాసిన చీటీ కట్టి మేకుకి తగిలించడం. అలా చేతిలోకి వచ్చిన బెల్టుల్లో బాగా కంపు కొట్టేవి దాదాపు ఎప్పుడూ ఒకే రకం ఇళ్ళవి. రాత్రీ పగలూ మెడ నుంచి తీయని ఇళ్ళవి. స్నానం చేయించేటప్పుడు కూడా ఉంచేస్తారు. ఒంటిని తువ్వాలుతో తుడుస్తారు, బెల్టు కింద రెండంగుళాల మేర మాత్రం తడి అలాగే ఉండిపోతుంది. మన కోస్తాలో గాలిలోనే తేమ ఎక్కువ కదా, దట్టంగా నేసిన నైలాన్ పట్టీ కుక్క మెడ మీద, బొచ్చు మధ్య అంత తొందరగా ఆరదు. మెడ నుంచి ఊరే జిడ్డు, నీళ్ళు తాగినప్పుడు కారే చొంగ, ఆ తడి, ఒంటి వేడి అన్నీ కలిస్తే సూక్ష్మక్రిములకి ఇక కావలసిందేముంది. మీకు వస్తున్న వాసన అదే. సర్ఫు ఎంత వేసినా, తడి బెల్టునే మళ్ళీ మెడకి వేస్తే రెండు రోజులకి తిరిగి వస్తుంది.

కాబట్టి నా మొదటి సలహాకి సబ్బుతో పని లేదు. ఇంకో నైలాన్ బెల్టు కొనండి. ఒకటి మెడలో ఉంటే ఇంకోటి దండెం మీద ఉండాలి. రాత్రి గేటు వేశాక బెల్టు తీసేయండి, మెడకి కూడా గాలి తగులుతుంది. స్నానానికి, వానలో తడిసొచ్చినప్పుడు తప్పనిసరిగా తీయాలి. మా దగ్గరికి వచ్చేవాళ్ళకి చెప్పేదీ ఇంతే. చేసినవాళ్ళకి నెలకోసారి ఉతికినా సరిపోతోంది.

ఇక ఉతకడం. పొడి సర్ఫు గుప్పెడు వేసి నానబెట్టడం ఆపేయండి. పట్టీ మందంగా ఉంటుంది, ఆ అల్లికలోకి దూరిన సబ్బు నాలుగు నీళ్ళకి కూడా పూర్తిగా వదలదు. మిగిలిన సబ్బు తడి తగిలినప్పుడల్లా చర్మానికి అంటుకుని దురద పెడుతుంది. మెడ కింద జుట్టు పలచబడటానికి ఇది ఒక కారణం కావచ్చు. గోరువెచ్చని నీళ్ళలో అంట్లు తోమే లిక్విడ్ ఒక చెంచా, లేదా మీరు దానికి స్నానానికి వాడే షాంపూనే కొంచెం చాలు. పావుగంట నాననిచ్చి, పాత టూత్ బ్రష్‌తో అల్లిక వెంబడి రుద్దండి. బకిల్ కింద మడత పెట్టి కుట్టిన చోట, డీ రింగు ఇరుక్కుని ఉండే చోట ఎక్కువ రుద్దాలి. బ్రష్ పెట్టగానే నల్లటి మడ్డి అక్కడి నుంచే వస్తుంది. తర్వాత నురగ రావడం ఆగేదాకా ధార కింద పిండుతూ కడగండి. చివరి నీళ్ళు అరచేతిలోకి పిండి చూడండి, వేళ్ళకి జారుడుగా ఉంటే ఇంకా సబ్బు ఉన్నట్టే.

మీ ఇంట్లో బోరు నీళ్ళయితే ఇంకో మాట. ఉప్పు నీళ్ళలో బట్టల సబ్బు నురగ రాదు సరికదా, తెల్లటి తరకలు కట్టి ఆ అల్లికలోనే ఇరుక్కుంటుంది. అలాంటి చోట్ల నేను కుంకుడుకాయలే వాడతాను. ఏడెనిమిది కాయలు కొట్టి గింజలు తీసేసి వేడినీళ్ళలో వేసి, చల్లారాక పిసికి, గుడ్డలో వడగట్టిన రసం రెండు బెల్టులకి సరిపోతుంది. కుంకుడు రసం తరకలు కట్టదు, రంగు వెలవనివ్వదు. కళ్ళలో పడితే మనకి మండినట్టే దానికీ మండుతుంది కాబట్టి బాగా జాడించాలి. వాసన మరీ మొండిగా ఉంటే ఉతికాక లీటరు నీళ్ళకి ఒక పెద్ద చెంచా వంట సోడా కలిపి అరగంట ఉంచి, మళ్ళీ మంచినీళ్ళతో కడగండి. ఇది నైలాన్‌కే, తోలుకి కాదు.

ఆరబెట్టేటప్పుడు ఉదయం ఎండ గంటసేపు తగిలితే మంచిదే. మే నెలలో, రోహిణి కార్తెలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా డాబా మీద వదిలేయకండి. ఎండకి నైలాన్ పోగులు బలం తగ్గుతాయి. రంగు వెలవడం పైకి కనపడే గుర్తు, లోపల జరిగేది అంతకన్నా ఎక్కువ. ఎర్ర బెల్టు గులాబీ రంగులోకి వచ్చి గోరుతో గీస్తే పొడిలా రాలుతోందంటే దాన్ని లాబ్రడార్‌కి కట్టి బ్రాడీపేట రోడ్డు మీదకి తీసుకెళ్ళకండి.

వాషింగ్ మెషీన్‌లో వేయొచ్చా అని చాలామంది అడుగుతుంటారు. నైలాన్‌ది వేయొచ్చు. పాత దిండు గలీబులో పెట్టి మూతి ముడేస్తే బకిల్ డ్రమ్ముకి కొట్టుకోదు.

గుంటూరు అన్నారు కాబట్టి మిర్చి గురించి చెప్పకుండా ఉండలేను. మీ ఇల్లు మిర్చి యార్డుకి దూరమే కావచ్చు, వాకింగ్‌కి ఎటు తీసుకెళ్తారో రాయలేదు. సీజన్‌లో యార్డు వైపు, కోల్డ్ స్టోరేజీల వైపు తిరిగిన కుక్కల బెల్టులు నేను చూశాను. పట్టీ లోపలి వైపు సన్నటి ఎర్రపొడి ఉంటుంది, చెమ్మ తగిలితే మెడంతా మంట, ఒకటే గోకుడు. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ చల్లటి నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే ఉత్త నీళ్ళతో జాడిస్తే పొడి పోతుంది కానీ మంట పోదు. జిడ్డుని వదిలించే అంట్ల లిక్విడ్ పెట్టి గోరువెచ్చని నీళ్ళతో రెండుసార్లు ఉతకాలి. అప్పుడు చేతికి గ్లవ్స్ వేసుకోండి, ఆ చేత్తో కళ్ళు నలుపుకుంటే ఏమవుతుందో గుంటూరు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

సూర్యలంక బీచ్‌కి తీసుకెళ్ళే అలవాటుంటే ఆ రోజే, ఇంటికి రాగానే మంచినీళ్ళలో బెల్టు, లీష్ రెండూ నానబెట్టండి. పట్టీలో మిగిలిన ఉప్పు, గాలిలోని తేమని లాక్కుంటుంది, ఆరినట్టు కనిపించినా ఆరదు. హుక్కు లోపలి స్ప్రింగు ముందు తుప్పు పడుతుంది, అది పైకి కనపడదు.

ఇప్పుడు తోలు బెల్టు. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మంచి తోలు బెల్టు సరిగా చూసుకుంటే ఆ కుక్క బతికినన్నాళ్ళూ వస్తుంది, సరిగా చూడకపోతే ఒక్క వేసవిలో పోతుంది.

తోలు స్వభావం కొంచెం ఆమ్లం. బట్టల పొడి క్షారం. తోలుని సర్ఫు నీళ్ళలో నానబెడితే దాన్ని మెత్తగా ఉంచే నూనెలన్నీ ఆ నీళ్ళలోకి వెళ్ళిపోతాయి. ఆ తర్వాత మండుటెండలో వేస్తే లోపలి తడి ఒక్కసారిగా ఎగిరిపోయి నారలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. మీది బిగుసుకుపోయింది అందుకే. తోలుని ఎప్పుడూ ముంచకూడదు. పొడి గుడ్డతో దుమ్ము దులిపి, తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడవాలి. పియర్స్ లాంటి గ్లిజరిన్ సబ్బు మీద ఆ గుడ్డని ఒకటి రెండుసార్లు రుద్ది, వచ్చిన కొద్ది నురగతోనే లోపలి వైపు జిడ్డు తీయాలి. చిల్లుల్లో పేరుకున్న మట్టిని అగ్గిపుల్లతో తీయండి, పిన్నీసుతో గుచ్చకండి, చిల్లు సాగుతుంది. మళ్ళీ ఉత్త తడిగుడ్డతో తుడిచి, నీడలో ఫ్యాను గాలికి ఒక రోజు ఉంచండి. తొందరపడి హెయిర్ డ్రయ్యర్ పెట్టొద్దు.

ఆరీ ఆరనట్టు ఉన్నప్పుడు నూనె పట్టించాలి. ఇక్కడే అందరూ కొబ్బరినూనె డబ్బా తీస్తారు. విషం కాదు, అత్యవసరానికి పర్వాలేదు. కానీ మన ఎండలకి అది గట్టిపడే ప్రశ్నే లేదు, తోలులోంచి మళ్ళీ పైకి ఊరుతుంది, జుట్టుకి అంటుతుంది, దుమ్ముని పట్టేస్తుంది. కొన్నాళ్ళకి ముక్కిపోయిన వాసన వేస్తుంది. పైగా కొబ్బరి వాసనకి కుక్క ఆ బెల్టునే నమలడం మొదలుపెడుతుంది. మా దగ్గర మేం వాడేది తేనె మైనం కలిపినది. ఒక వంతు మైనం, మూడు వంతుల కొబ్బరినూనె గిన్నెలో వేసి, ఆ గిన్నెని మరిగే నీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించడమే. మైనం 62 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి నేరుగా మంట మీద పెట్టాల్సిన పని లేదు, పెట్టకూడదు కూడా. చల్లారితే మెత్తటి ముద్ద అవుతుంది. శనగ గింజంత తీసుకుని వేలితో పల్చగా రాసి, గంట తర్వాత పాత పంచె ముక్కతో గట్టిగా తుడిచేయండి. రాత్రంతా వదిలేసి, తెల్లారాక తెల్లగుడ్డతో ఒకసారి రుద్ది చూడండి. గుడ్డకి నూనె గానీ రంగు గానీ అంటితే ఇంకా తుడవాలి, మెడకి అప్పుడే వేయకండి. మూడు నెలలకోసారి ఇలా చేస్తే చాలు, వానాకాలం ముందు ఒకసారి తప్పకుండా చేయాలి. బూట్ పాలిష్ మాత్రం వద్దండి. మెరుస్తుంది నిజమే, ఆ రంగు మెడ జుట్టుకి, అక్కడి నుంచి నాలుకకి వెళ్తుంది.

బిగుసుకుపోయిన మీ బెల్టు బాగవుతుందా? చెప్పలేనిది కాదు, వంచి చూడండి. ఈ మైనం ముద్ద పల్చగా రెండు మూడు రోజులు వరసగా పట్టించి, వేళ్ళ మధ్య మెల్లగా అటూ ఇటూ వంచుతూ పోతే పైపై బిరుసు తగ్గుతుంది. తర్వాత చూపుడు వేలు చుట్టూ చుట్టి, బకిల్ ముల్లు దూరే చిల్లుల దగ్గర జాగ్రత్తగా చూడండి. చిల్లు నుంచి చిల్లుకి సన్నటి పగుళ్ళు కనిపిస్తే దాన్ని ఇంట్లో తిరిగేటప్పుడు పేరు బిళ్ళ వేలాడదీయడానికి ఉంచుకోండి. లీష్ తగిలించి బయటికి తీసుకెళ్ళే పనికి అది ఇక పనికిరాదు. పగుళ్ళు లేకుండా కుట్లు మాత్రమే ఊడి ఉంటే, చెప్పులు కుట్టే వాళ్ళ దగ్గర మైనం పట్టించిన నైలాన్ దారంతో కుట్టించండి. ఫెవిక్విక్ పెట్టి అతికించిన బెల్టులు నా దగ్గరికి వస్తుంటాయి, అవి చూస్తే నాకు టెన్షన్.

చిలుముకి మందు మీ వంటింట్లోనే ఉంది. పూజ సామాన్లు తోముకున్నట్టే చింతపండు గుజ్జుతో రింగుని రుద్దితే పోతుంది. ఆ పులుపు తోలుకి తగలకూడదు, అందుకని రింగు చుట్టూ ఉన్న తోలుని ప్లాస్టిక్ కవరు ముక్కతో చుట్టి, దూదిపుల్లతో రింగుకి మాత్రమే రాయండి. వెంటనే తడిగుడ్డతో తుడిచి పొడిగా ఆరనివ్వాలి. చిలుము రావడం మీ ఇత్తడి అసలైనదనడానికి గుర్తు కావచ్చు, బాధపడకండి. బంగారు రంగులో ఉండి అయస్కాంతానికి అతుక్కునేవి ఇనుము మీద పూత. అతుక్కోకుండా, మసక వెండి రంగులో ఉండేవి చాలావరకు జింకు కలిపిన పోత హుక్కులు. అవి వంగవు, ఒక రోజు పటుక్కున విరుగుతాయి. విరిగిన ముక్క కుక్క మింగితే ఇంకో ప్రమాదం, జింకు కడుపులో కరిగితే ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి. లీష్ కొనేటప్పుడు పట్టీ రంగు కన్నా హుక్కు చూసి కొనమనేది ఇందుకే.

ఉతికిన ప్రతిసారీ హుక్కుని వెలుతురులో పెట్టి చూడండి. స్ప్రింగు నాలుకని వేలితో నొక్కి వదిలితే టక్కున మూసుకోవాలి. నెమ్మదిగా వస్తోందంటే లోపల వెంట్రుకలు, మట్టి ఇరుక్కున్నట్టే. టూత్ బ్రష్‌తో కడిగి, ఆరాక కుట్టు మిషన్ ఆయిల్ ఒక్క చుక్క వేసి, పైన కారినది తుడిచేయండి. హుక్కు గుండ్రంగా తిరిగే మెడ దగ్గర లోహం అరిగి పల్చబడిందా అన్నది కూడా చూడాలి. లాబ్రడార్ పిల్లిని చూసి దూకితే బరువంతా పడేది అక్కడే. నైలాన్ లీష్‌లో అరుగుదల చేత్తో పట్టుకునే మడత దగ్గర, హుక్కు తగిలించిన మడత దగ్గర వస్తుంది, మధ్యలో ఏమీ కాదు. డబ్బాలోకి చుట్టుకునే రకం లీష్ అయితే తడిసిన రోజు మొత్తం బయటికి లాగి, ఆరాకే లోపలికి వదలాలి. ఇనుప గొలుసులు వాడేవాళ్ళు వారానికోసారి తుడిచి కొంచెం నూనె గుడ్డ రాస్తే మెడ నల్లబడదు.

డెట్టాల్ సంగతికి వస్తాను. డెట్టాల్ గాయం మీదో నేల మీదో, ఫినాయిల్ నేల మీద, మనం నీళ్ళలో కలిపి వాడుకునేవి. బెల్టు అల్లికలో మిగిలిపోతే రోజంతా చర్మానికి రాసుకుంటూనే ఉంటుంది, కుక్క నాకుతుంది కూడా. ఇంట్లో పిల్లి ఉంటే మరీ ప్రమాదం. బ్లీచింగ్ నైలాన్‌ని తినేస్తుంది. బెల్టుల్ని దాచే పెట్టెలో కలరా ఉండలు కూడా వేయొద్దు, అవీ కుక్కలకి విషమే. వానాకాలంలో తోలుకి బూజు పడితే బయట దులిపి, మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌లో సగం నీళ్ళు కలిపి గుడ్డతో తుడిచి, ఆరాక మళ్ళీ మైనం రాస్తే సరి. బీరువాలో ప్లాస్టిక్ కవరులో బిగించి పెడితే బూజు ఇంకా వస్తుంది, గుడ్డ సంచిలో పెట్టండి.

రెండు సందర్భాల్లో ఉతకడం మానేసి పారేయమంటాను. పార్వో అనే వైరస్ జబ్బు వచ్చిన కుక్కపిల్ల బెల్టుని కొత్త పిల్లకి వేయకండి. ఆ వైరస్ నెలల తరబడి బతికి ఉంటుంది, మామూలు సబ్బుకి చావదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నీళ్ళు విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు ఆ బురదలో నానిన తోలు బెల్టులు కూడా చాలావరకు పారేయించాను. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళతో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు భయం ఉంటుంది, ఆ తోలు ఎలాగూ తిరిగి మెత్తబడలేదు. నైలాన్‌వి గ్లవ్స్ వేసుకుని ఉతికి, ఎండబెట్టి వాడుకున్నాం.

పిడుదుల గురించి మీరు అడగలేదు, అయినా చూడండి. అవి దాక్కునే చోట్లలో చెవులు, కాలివేళ్ళ సందులతో పాటు బెల్టు కింద భాగం ఒకటి. బెల్టు తీసినప్పుడు లోపలి వైపు, మడతల్లో చూడండి. కనపడితే నైలాన్ బెల్టుని చెయ్యి పెట్టలేనంత వేడినీళ్ళలో పది నిమిషాలు ఉంచండి. గుడ్లు బెల్టు మీద కాదు, గోడ పగుళ్ళలో, గేటు సందుల్లో వేలల్లో పెడతాయి కాబట్టి బెల్టు ఒక్కటీ ఉతికితే తీరదు. మందు ఉన్న టిక్ కాలర్ వాడుతుంటే దాన్ని మాత్రం సబ్బుతో కడగకండి, మందు కొట్టుకుపోతుంది. దుమ్ము పడితే పొడిగుడ్డతో తుడిచి, చేతులు కడుక్కోండి. ఎన్ని నెలలు పనిచేస్తుందో, తడవొచ్చో లేదో ప్యాకెట్టు మీద ఉంటుంది.

ఇక మెడ. బెల్టుకీ మెడకీ మధ్య రెండు వేళ్ళు అడ్డంగా దూరాలి. ఎదిగే పిల్ల అయితే వారం వారం చూడాలి. దిష్టికని బెల్టుతో పాటు నల్లతాడు కడతారు చాలామంది. కట్టొద్దని నేననను, కానీ నూలు తాడు తడిసి ముడుచుకుంటుంది, బొచ్చులో కనపడదు, పిల్ల పెరిగేకొద్దీ తాడు పెరగదు. చర్మంలోకి దిగిపోయిన తాడుని కత్తిరించి తీయాల్సిన కేసులు మా దగ్గరికి వచ్చాయి. కట్టదలచుకుంటే బెల్టుకే కట్టేయండి, దిష్టి ఎలాగూ పోతుంది.

మీవాడికి పలచబడిన చోట జుట్టు విరిగినట్టు పొట్టిగా ఉండి, చర్మం మామూలుగా ఉంటే అది రాపిడి. రెండు మూడు వారాలు ఇంట్లో బెల్టు లేకుండా వదలండి, మెల్లగా తిరిగి వస్తుంది. బయటికి మెడకి కాకుండా ఛాతీ చుట్టూ వేసే బాడీ బెల్టు వాడండి. అలా కాకుండా చర్మం ఎర్రగా, చెమ్మగా ఉన్నా, నల్లబడి మందంగా తయారైనా, బెల్టు తీసి వారమైనా మెడ దగ్గరా చెవుల్లోనూ అదే వాసన వస్తున్నా, ఆ కంపు బెల్టుది కాదు. చర్మంలోనో చెవిలోనో ఫంగస్ ఉండొచ్చు. అప్పుడు నా సలహాలు పక్కన పెట్టి డాక్టరుకి చూపించండి. గుంటూరులో మీ డాక్టరు చర్మం పరీక్షలకి పైకి పంపిస్తే గన్నవరం ఎన్టీఆర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. వెళ్ళేటప్పుడు ఉతకని పాత బెల్టు కూడా ఒక కవరులో పెట్టి తీసుకెళ్ళండి, ఏ సబ్బు వాడారో చెప్పండి. ఈలోగా మెడ ఫోటో పగటి వెలుతురులో, జుట్టు పాయ తీసి ఒకటి పెడితే రాపిడో కాదో నేను కూడా చూస్తాను.